వ్యాధితో సహవాసము

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగవయేట తండ్రి గతించెను. దేహము చిన్ననాటినుండియు దుర్బలము. దగ్గు, ఆయాసము జీవితమంతయు వెంటనంటి యుండెను. ఆరోగ్యము కుదుటపడిన పిమ్మట పని చేయుదమని కూర్చుండినచో ఏ పనియు సాగెడిది కాదు. 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాల, అదేయేట వివేకవర్ధని పత్రిక, 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహము - అన్నియు ఆ బలహీన శరీరముతో సాధించినవే. వంటవారును, నీళ్లు తెచ్చువారును మానివేసినపుడు భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి, వండి పెట్టిరి. ఒడలు సహకరింపనివానికి ఇట్టి తోడు సగము బలము. 1910లో ఆమెయు గతించిరి. అయినను కలము ఆగలేదు. 1919 మే 27న చెన్నపురిలో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యింట కన్నుమూయునాటికిని ఆంధ్రకవుల చరిత్రమును సంస్కరించుచునే యుండిరి.