గిబ్స్ పండితుడు

కోరాపుట్టు నుండి రాయగడకు పోవు రైలుబండిలో కూర్చుండి, దామంజోడి దాటిన పిమ్మట కకిరిగుమ్మ పరిసరములను తిలకించిన వారికి ఒక విషయము తోపక మానదు. అచ్చట బండి తిన్నగా పోవు దూరము మిక్కిలి స్వల్పము. కొండను చుట్టి ఎడమకు మరలును. అంతలోనే కుడికి తిరుగును. సొరంగము చొచ్చి వెలువడుచు, పీఠభూమి నుండి పల్లమునకు క్రమముగా దిగుచుండును. 1990వ దశాబ్దమున పూర్తియైన ఈ మార్గమును చదునైన కాగితముపై గీచినచో దాని వంపులు తెలియును గాని దిగుడు తెలియదు. ఇట్టి రేఖలను గణితజ్ఞులు అంతరాళ వక్రరేఖలందురు. వీనిని గూర్చి సులభముగా మాటలాడుటకు లోకమునకొక భాషను అమర్చి యిచ్చిన మహనీయుడు జోసయా విల్లర్డ్ గిబ్స్. ఆయన జీవితమును మా పాఠకులకు ఒకపరి జ్ఞాపకము చేయ దలచితిమి.

గిబ్స్ 1839వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణమున జన్మించెను. తండ్రియు అదే పేరుగల భాషాపండితుడు, యేల్ కళాశాలలో ఆచార్యుడు. ఆ సంవత్సరముననే అమిస్టాడ్ అను ఓడలోని ఆఫ్రికా బందీలు న్యూ హేవెన్ చెరసాలకు తేబడిరి. వారి మాట అచ్చట ఎవ్వరికిని తెలియదు. పెద్ద గిబ్స్ వారియొద్ద ఒకటి మొదలు పది వరకు అంకెలను నేర్చుకొని, న్యూయార్కు రేవులో వానిని బిగ్గరగా పలుకుచు తిరిగి, ఆ భాష నెరిగిన నావికుని కనుగొనెను. వాని సాయమున బందీలు తమ కథను న్యాయస్థానమునకు చెప్పుకొనగలిగిరి, 1841లో విముక్తులైరి. ఆ తండ్రికి తగిన తనయుడు ఈ గిబ్స్.

ఆయన 1863లో యేల్‌లో డాక్టరు పట్టమును పొందెను. పండ్లచక్రముల పండ్లు ఏ ఆకారమున నుండవలెనన్నదే ఆ పరిశోధనకు విషయము. ఇంజనీరింగులో అమెరికా యిచ్చిన మొదటి డాక్టరు పట్టము ఇదియే. కొంతకాలము విద్యార్థులకు లాటిను బోధించెను. 1866లో రైలుపెట్టెల బ్రేకునకు ఒక పేటెంటును సంపాదించెను. పిమ్మట మూడేండ్లు పారిస్, బెర్లిన్, హైడెల్‌బర్గు నగరములలో ఉపన్యాసములు వినుచు గడపెను. 1871లో యేల్ ఆయనను గణిత భౌతికశాస్త్రమునకు ఆచార్యునిగా నియమించెను. కాని జీతము లేదు. తొమ్మిదేండ్లు ఆయన తన పిత్రార్జితముతోనే జీవించి పాఠము చెప్పెను. 1880లో బాల్టిమోరునందలి జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయము మూడువేల డాలర్లిత్తుమని ఆహ్వానింపగా, యేల్ మేల్కొని రెండువేలు ఇచ్చుటకు అంగీకరించెను. గిబ్స్ తక్కువ జీతమునకే స్వస్థలమున నిలిచిపోయెను. వివాహము చేసికొనలేదు, సోదరి గృహముననే జీవితము గడపెను.

ఆయన కీర్తికి మొదటి మూలము ఉష్ణశాస్త్రము. ఆ గ్రంథమును చదివిన మాక్స్‌వెల్, అందలి భావమును సున్నపుముద్దతో విగ్రహముగా మలచి ఆయనకు పంపెను. మా ప్రస్తుత విషయము మాత్రము సదిశల కలనగణితము.

కకిరిగుమ్మ స్టేషనులో నిలిచి, కదలుచున్న ఇంజనువైపునకు ఒక బాణమును ఊహింపుడు. ఆ బాణమునకు పొడవును కలదు, దిక్కును కలదు. ఇట్టి రాశియే సదిశ. ఇంజను కదలినకొలది బాణము మారును. ఆ మార్పు వేగము మరియొక బాణము. అది ఎల్లప్పుడును పట్టాలను స్పృశించుచు ముందునకు చూపును, దాని పొడవు బండి వడి. ఈ రెండవ బాణపు మార్పును లెక్కించినచో త్వరణము లభించును. అందు రెండు భాగములు కలవు: ఒకటి పట్టాల వెంబడి నుండును, అది వడి పెరుగుటను తగ్గుటను తెలుపును, రెండవది వంపు లోపలి వైపునకు చూపును, అది వడి వర్గమును వంపు వ్యాసార్ధముచే భాగించినంత. అనగా వడి రెండింతలైన ఈ భాగము నాలుగింతలగును. ఇందుచేతనే వంపులయందు బయటి పట్టాను ఎత్తుగా నుంచెదరు. తిన్నని మార్గము నుండి వంపులోనికి ఒక్కుమ్మడిగా పోనీయక, వంపును కొంచెము కొంచెముగా పెంచెదరు. ఇక, మలుపును దిగుడును కలిసి వచ్చుటచే వంపు ఒకే తలమున నిలువక పోవునప్పుడు, ఆ తలము ఎంత త్వరగా ఒరగుచున్నదో తెలుపునది మెలి. వంపు, మెలి ఈ రెండింటిని ప్రతి బిందువు వద్ద నెరిగినచో రేఖ యాకారమంతయు తెలిసినట్లే.

ఈ సత్యములు గిబ్స్ కనుగొన్నవి కావు. 1731లో క్లెయిరో ఇట్టి రేఖలపై గ్రంథమును ప్రకటించెను. 1847లో ఫ్రెనే, 1851లో సెర్రే వాని సూత్రములను స్థాపించిరి. కాని వారు ప్రతి మాటను పొడవు, వెడల్పు, ఎత్తులకై ముమ్మారు వ్రాయవలసి వచ్చెను. 1843లో హామిల్టన్ క్వాటర్నియనులను కల్పించెను. అవి ఘనములే గాని విద్యార్థికి భారములు. 1844లో గ్రాస్‌మన్ అను పాఠశాలోపాధ్యాయుడు ప్రకటించిన గ్రంథము చదువువారు లేక మూలబడెను. గిబ్స్ వీనిని పరిశీలించి, భౌతికశాస్త్రమునకు అవసరమైనవి రెండు గుణకారములే యని గ్రహించెను: సంఖ్యను ఇచ్చునది ఒకటి, సదిశను ఇచ్చునది మరియొకటి. తన విద్యార్థులకై 1881లోను 1884లోను సొంత ఖర్చుతో ఒక చిన్న పుస్తకమును రెండు భాగములుగా అచ్చువేయించి పంచెను. ఇంగ్లండులో హెవిసైడు స్వతంత్రముగా ఇదే మార్గమును త్రొక్కెను. హామిల్టను పక్షమున టెయిట్ పండితుడు తీవ్రముగా ఆక్షేపింపగా, గిబ్స్ పరుషోక్తి యొక్కటియు లేకుండ సమాధానము లిచ్చెను. 1889లో మూడు పరిశీలనల నుండి గ్రహగతిని నిర్ణయించు పద్ధతిని సదిశలతో చూపెను. ఆయన పేర వ్యవహరింపబడు పద్ధతి నేటికిని ఉపగ్రహ మార్గముల గణితమున బోధింపబడుచున్నది.

ఆయన లోపమును కూడ చెప్పవలయును. సంకేతములను సులభము చేసిన ఆయన, తన వ్రాతను మాత్రము పండితులకే కొరుకుడు పడనంత క్లుప్తముగా నడపెను. చిన్న పుస్తకము పెద్దలకు చేరెను గాని సామాన్య విద్యార్థికి చేరలేదు. ఆ పని చేసినవాడు ఆయన శిష్యుడు విల్సన్. ఇరువదిరెండేండ్ల ప్రాయమున, గురువు ఉపన్యాసములను ఆధారము చేసికొని, 1901లో సదిశ విశ్లేషణముపై సంపూర్ణమైన పాఠ్యగ్రంథమును ప్రకటించెను. ఆ పుస్తకముతోనే ఈ భాష కళాశాలలకు ప్రాకెను. ఆ సంవత్సరమే రాయల్ సొసైటీ గిబ్స్‌కు కాప్లే పతకము నొసగెను. 1903వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన ఆయన స్వస్థలముననే పరమపదించెను.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించు నీతి యొక్కటియే. శాస్త్రమును కనుగొనుట ఒక పని. దానిని నేర్చువాని నోటికి అందించుట మరియొక పని. రెండవది చేయువాడు లేనిచో మొదటిది గ్రాస్‌మన్ గ్రంథమువలె మూలబడును. మా పాఠకులలో ఇంజనీర్లు, ఆచార్యులు పెక్కురు ఈ గణితమును ఇంగ్లీషున నేర్చి, దానితోనే జీవనము సాగించుచున్నవారు. సదిశ, అవకలనము మొదలగు మాటలు తెలుగు పాఠ్యగ్రంథములలో ఏనాడో చేరినవి. అయినను కకిరిగుమ్మ మలుపున బయటి పట్టా ఏల ఎత్తుగా నున్నదని ఒక బాలుడు అడిగినచో, తెలుగున తేటగా చెప్పగలవారు మనలో ఎందరు?

కోరాపుట్టు సీమ 1936లో ఒరిస్సా రాష్ట్రమున చేరినది. కువియు, ఒడియాయు, తెలుగును అచ్చట ప్రక్కప్రక్కన వినబడును. ఆ సీమ నేలిన జయపురాధీశుడు విక్రమదేవవర్మ ఏటేట లక్ష రూపాయల విరాళముతో ఆంధ్ర విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్ర విద్యను పోషించెను; విశాఖపట్టణమున ఆ కళాశాల ఆయన పేరనే వెలసినది. కొండసీమ ధనముతో మైదానము శాస్త్రము నేర్చినది. ఆ శాస్త్రమును కొండసీమ బిడ్డలకు, వారు ఇంట మాటలాడు మాటలలో, తిరిగి అందించుట మన ఋణము. గిబ్స్ తొమ్మిదేండ్లు జీతము లేక పాఠము చెప్పెను. మనవారు వారమున కొక గంట ఈ పనికి వెచ్చించినచో విల్సన్ వంటి వారు మనలోను పుట్టకపోరు.