వ్యూహదర్శి భోగరాజు పట్టాభి సీతారామయ్య

ఉత్సాహ, ప్రభు, మంత్ర శక్తులను తారతమ్య దృష్టితో విచారించి కౌటిల్యుడు మంత్రశక్తికే ఆధిక్యమిచ్చినాడు. సైన్యమును కోశమును పరుల చేతిలోనున్న జాతికి మిగులునది ఆ శక్తి యొక్కటే. ఈ దృష్టితో పరిశీలింపదగిన జీవితము భోగరాజు పట్టాభి సీతారామయ్యగారిది. వారిని కాంగ్రెసు చరిత్రకారునిగాను, 1939 ఎన్నికలో పరాజితునిగాను మాత్రమే స్మరించుట పరిపాటియైనది. అది వారి కృషికి చాలని పరిచయము.

వారు 1880 నవంబరు 24న నేటి ఏలూరు జిల్లాలోని గుండుగొలనులో, పేద కుటుంబమున జన్మించినారు. బందరు నోబుల్ కళాశాలలోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివి, వైద్యపట్టము పొంది బందరులో వైద్యవృత్తి చేపట్టినారు. సుమారు పదేండ్లకు, రాబడి బాగుగా ఉన్న దశలోనే, దానిని విడిచిపెట్టినారు.

1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశ పర్యటన బందరు యువకులలో కలిగించిన ఉత్తేజము అన్యత్ర వలె సభలతో చల్లారలేదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి అను మిత్రత్రయము దానిని సంస్థలుగా మలచినది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. సర్కారు గుర్తింపునకు లోబడని ఆ విద్యాలయములో గ్రంథపఠనముతోపాటు చేతిపనులకును లలితకళలకును స్థానము కల్పించినారు. దానికి ప్రాణము హనుమంతరావుగారు. 1922లో వారి మరణము తీరని లోటు. కృష్ణారావుగారి చేతిలో కృష్ణాపత్రిక ఉన్నది. విద్యకు ఒకరు, వాక్కునకు ఒకరు నిలువగా, అర్థమును గూర్చిన చింత పట్టాభిగారి పాలబడినది. ఇట్టి విభాగము యాదృచ్ఛికమో, బుద్ధిపూర్వకమో గాని, ఫలము మాత్రము వ్యూహమునకు తగినట్లే ఉన్నది.

1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై డెల్టాకు నీరు వచ్చినది, పంట పెరిగినది. అయినను బందరు–బెజవాడ దారిలోని గూడూరు వంటి వరిపొలముల ఊళ్ల రైతుకు నాట్లనాడు అప్పు, కోతలనాడు తీర్పు తప్పలేదు. పంట చేతికందగనే అయినకాడికి అమ్మవలసిన దుస్థితి. స్వరాజ్య ప్రబోధము వినుటకైనను రైతునకు కొంత ఊపిరి సలపవలెను గదా! 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు, 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ ఈ క్రమమున బందరులో వెలసినవి. ఆంధ్రా బ్యాంకు చెల్లింపు మూలధనము ఒక లక్ష రూపాయలు. పొదుపు ఊరిలోనే నిలిచి ఊరికే పెట్టుబడియగుట ఇందలి కీలకము.

రాజకీయమునను ఇదే పద్ధతి. ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రమిమ్మని ప్రభుత్వమును అడుగుటకు ముందే, కాంగ్రెసులోనే ప్రత్యేక ఆంధ్ర శాఖను సాధింపవలెనని వారు పట్టుబట్టినారు. 1918లో అది ఏర్పడినది. 1920 నాగపూరు మహాసభ భాషాప్రాతిపదికను దేశమంతటికిని అంగీకరించినది. పరుల అనుమతి అక్కరలేని చోట మొదట గెలుచుట ఇందలి నేర్పు.

వ్యూహము వారికి అంతటను కలిసిరాలేదు. 1939లో సుభాష్ చంద్రబోసు 1580 ఓట్లు పొందగా వీరికి 1377 వచ్చినవి. ఆ ఓటమిని గాంధీజీ తనదిగా చెప్పుకొన్నారు. గాంధీజీ అభ్యర్థిగా నిలిచిన వారికి స్వతంత్ర వ్యక్తిత్వము లేదను అపప్రథ నాటినుండియే అంటినదని నా అభిప్రాయము.

కఠినతర పరీక్ష తరువాత వచ్చినది. 1948 జైపూరు మహాసభకు అధ్యక్షులైన పట్టాభిగారు, నెహ్రూ, పటేలులతో కలిసి భాషారాష్ట్ర విషయమును పరిశీలించినారు. 1949 నాటి ఆ నివేదిక భాషారాష్ట్రములను వాయిదా వేయుమన్నది. మద్రాసు నగరమును వదలుకొన్నచో ఆంధ్రకు మాత్రము అవకాశమున్నదన్నది. ముప్పది యేండ్లు భాషారాష్ట్రవాదము వినిపించిన వారు ఇట్టి పత్రముపై సంతకము చేయుట ఆంధ్రులకు రుచించలేదు. కాని మద్రాసు లేని రాష్ట్రమే 1953 అక్టోబరు 1న అవతరించినది. అప్పటికి మధ్యలో పొట్టి శ్రీరాములుగారి ప్రాణము పోయినది. నివేదిక దూరదృష్టియా, లొంగుబాటా అను ప్రశ్నకు ఆ ప్రాణమును లెక్కింపక సమాధానము చెప్పరాదు.

రాష్ట్రావతరణ వేళ పట్టాభిగారు మధ్యప్రదేశ్ గవర్నరుగా నాగపూరులో ఉన్నారు. 1959 డిసెంబరు 17న హైదరాబాదులో దివంగతులైనారు. వారు స్థాపించిన బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది.