గిడుగు రామమూర్తి పంతులుగారి మొదటి ఉద్యోగము

ఈ నెల మేము పరిశుద్ధ గ్రంథములోని భక్తుని గూర్చి గాక, మన పొరుగున జీవించిన ఒక బడిపంతులును గూర్చి వ్రాయుచున్నాము. ఆయన క్రైస్తవుడు కాడు. అయినను ఆయన కథ మన ప్రసంగపీఠములకు చాల దగ్గరి కథ. మా మట్టుకు మాకు కొంచెము సిగ్గు కలిగించిన కథ కూడ.

గిడుగు వెంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున, శ్రీముఖలింగమునకు దగ్గరనున్న పర్వతాలపేటలో పుట్టిరి. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. ఆయన చోడవరమునకు బదిలీయై, అక్కడనే 1875లో విషజ్వరముతో చనిపోయెను. పిల్లవానికి అప్పటికి పండ్రెండేండ్లు. తరువాత విజయనగరములో బంధువుల ఇంట నుండి మహారాజావారి ఇంగ్లీషు బడిలో చదువుకొనెను. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు తోటి విద్యార్థి. 1879లో మెట్రిక్యులేషను పరీక్ష పాసయ్యెను. ఆ యేటనే వివాహము కూడ జరిగెను. తండ్రి లేడు, సంసారము వచ్చి మీద పడినది. కాలేజీ చదువు మాట ఇంక ఎక్కడిది?

1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఆయనకు పని దొరికెను. ఫస్టుఫారము పిల్లలకు చరిత్ర చెప్పవలెను. జీతము నెలకు 30 రూపాయలు. పంతులుకు పదియేడేండ్లు నిండీ నిండని వయసు. నౌపడ నుండి టెక్కలి, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలు వచ్చినది 1900లో. మన పెద్దలు అనేకులు ఆ చిన్న రైలు ఎక్కినవారే. 2004లో అది ఆగిపోగా, పిమ్మట పెద్ద పట్టాలు వేసిరి. 1880లో ఆ సదుపాయము లేదు. పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చేరిన ఊరు. చుట్టును కొండలు, కొండలలో సవరలు.

ఇంటి అవసరమునకై పట్టిన మొదటి ఉద్యోగమును మనము చిన్నచూపు చూచుదుము. నేడు మన ఉద్దానపు పిల్లలు విశాఖపట్నమునకును, చెన్నైకిని, ఇంకను దూరమునకును మొదటి జీతము కొరకు పోవుచున్నారు. అది తాత్కాలికమే, అసలు పని తరువాత దొరకునని వారును తలంతురు, తలిదండ్రులును తలంతురు. మోషే మామగారి గొఱ్ఱెలను మేపిన సంవత్సరములను మనము ఒక్క వచనములో దాటిపోవుదుము. కాని ఆ అరణ్యపు త్రోవలు మోషేకు తెలిసినది ఆ గొఱ్ఱెల వెంట తిరుగుటచేతనే గదా. రామమూర్తి పంతులుగారికి పర్లాకిమిడి అట్టిదాయెను. చరిత్ర పాఠమునకై వెళ్లినవాడు, బడిలో లేని పిల్లలను చూచెను.

సవరలను మీకు మేము పరిచయము చేయనక్కరలేదు. మందస వైపు సంతలకు అడ్డాకులు, చింతపండు, కొండచీపుళ్లు తెచ్చువారు వారే. వారి మాట తెలుగు కాదు, ఒడియా కాదు, ఈ రెండింటికిని చుట్టము కూడ కాదు. అది ముండా భాషలలో ఒకటి. వర్తకుడు వారితో బేరమునకు కావలసినన్ని మాటలు నేర్చుకొనును. అంతకు మించి నేర్చుకొనవలెనని ఆ కాలమున చదువుకొన్నవాడెవడు తలంచును? పంతులుగారు తలంచిరి. తెలుగును సవరయును రెండును తెలిసిన ఒక మనిషిని తమ ఇంటనే పెట్టుకొని, ఆయన యొద్ద విద్యార్థివలె కూర్చుండి నేర్చుకొనిరి. ఆ కాలపు అగ్రజాతి ఇండ్లలో అంటు ముట్టు ఎంత కఠినముగా నుండెనో ఎరిగినవారికి, ఆ మనిషిని ఇంట చేర్చుకొనుట ఎంత పెద్ద సంగతియో మేము విప్పి చెప్పనక్కరలేదు.

ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. మాట చివర గొంతులో తటాలున ఆగిపోవు ధ్వనులు దానిలో కలవు. మన తెలుగు అక్షరములు వాటికి చాలవు. అట్టి భాషకు చెవియే పుస్తకము. విన్నదానిని మరల మరల విని, పలికి, సరిచూచి వ్రాసుకొనవలెను. అందుకై పంతులుగారు కొండలలోనికి పోయి తిరిగిరి. ఆ కొండలు మలేరియాకు పుట్టిల్లు. జ్వరము పట్టుకొనెను. దానికి ఆనాడు క్వినైను తప్ప వేరు మందు లేదు. అది హెచ్చు మోతాదున పడినచో వినికిడి చెడును. పంతులుగారికి అట్లే జరిగెను. చెవితో చేయవలసిన పనిలో చెవులే పోయెను. ఆ చెవుడు ఆయనను జీవితాంతము విడువలేదు.

మేము ఈ చోట చాల సేపు ఆగిపోతిమి. అంతటితో మానుకొనినను ఎవరును తప్పు పట్టియుండరు. ఆయనను పంపిన సొసైటీ లేదు, నివేదిక అడుగు కమిటీ లేదు. బడిలో ఆయన పని చరిత్ర చెప్పుట మాత్రమే. అది చక్కగా చేయుచునే యుండెను. ఉద్యోగము చేసికొనుచునే చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలు పాసయ్యెను. రాజావారి బడి కాలేజీగా పెరిగినప్పుడు కాలేజీ తరగతులకును పాఠములు చెప్పెను. శ్రీముఖలింగము గుడిలోని శాసనముల పాత లిపిని తానే నేర్చుకొని చదివెను. అయినను సవర పని మానలేదు. సవర భాషలోనే వాచకములు వ్రాసెను. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చెను. బడిపంతులు జీతములో నుండి వేరే పంతుళ్లకు జీతములు! మన సంఘపు లెక్కలు చూచు పెద్దలు ఈ సంగతి కొంచెము ఆలోచింతురు గాక.

తెలుగువారందరు ఆయనను ఎరిగినది మరియొక పనివలన. 1907 ప్రాంతమున యేట్సు అను ఇంగ్లీషు దొర ఉత్తర సర్కారు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చి, ప్రజలు మాటలాడు తెలుగు ఒకటియు బడిలో చెప్పు తెలుగు వేరొకటియు ఎందుకైనదని అడిగెను. ఆ ప్రశ్నకు రామమూర్తిగారు తక్కిన జీవితమంతయు జవాబు చెప్పుచుండిరి. సవర పిల్లవానికి సవర మాటలోనే చదువు చెప్పవలెనని ముందే గ్రహించినవాడు, తెలుగు పిల్లవానికి మాత్రము తెలియని తెలుగులో చెప్పవచ్చునని ఎట్లు ఒప్పుకొనును? 1911లో ముప్పది సంవత్సరముల కొలువు చాలించి, పండితులతో సభలలోను పత్రికలలోను వాదించుటకు దిగెను. 1919లో తెలుగు అను పేరుతోనే పత్రిక నడిపెను. ఆయన పుట్టిన ఆగస్టు 29ని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుచున్నారు.

ఇక మా సిగ్గు మాట. మేము సెమినరీ విడిచి ఉద్దానములోని ఒక చిన్న సంఘమునకు వచ్చినప్పుడు మాకు ఇరువది నాలుగేండ్లు. అదే మా మొదటి ఉద్యోగము. మొదటి ఆదివారము దేవుని కృపాబాహుళ్యమును గూర్చి ముప్పావు గంట ప్రసంగించితిమి. అందరు నిశ్శబ్దముగా వినిరి. మేము సంతోషించితిమి. ఆరాధన ముగిసిన పిమ్మట జీడిగింజలు ఒలుచుకొని బ్రదుకు ఒక ముసలమ్మ దగ్గరకు వచ్చి, అయ్యగారు అన్నిసార్లు పేరు పెట్టి పిలిచిన కృపాబాహుళ్యముగారు ఏ ఊరివారని ఎంతో మర్యాదగా అడిగెను. మేము ఏమి చెప్పితిమో ఇప్పుడు జ్ఞాపకము లేదు. ఆమె ముఖము మాత్రము జ్ఞాపకమున్నది. ఆమె ఎగతాళి చేయలేదు. తనకు తెలియకపోవుట తన తప్పేయని అనుకొనెను. అదియే మమ్మును ఎక్కువ బాధించినది.

అప్పటికి మాకు రామమూర్తిగారి పేరు తెలియును గాని, ఆయన కథ తెలియదు. తెలిసినచో పెంతెకొస్తు దినమును వేరుగా బోధించియుందుము. ఆ దినమున వచ్చిన జనులకు పండితుల భాష నేర్పి పిమ్మట సువార్త చెప్పలేదు గదా. ఎవరి మాటలో వారికి వినబడినది. క్రొత్త నిబంధన గ్రీకు సైతము గొప్ప కవుల గ్రీకు కాదు. సంతలో, ఉత్తరములలో, అప్పు పత్రములలో వాడిన గ్రీకే. జర్మనీ పండితుడు డైస్‌మన్ ఐగుప్తులో దొరికిన పాత కాగితములతో పోల్చి ఈ సంగతి చూపిన దినములును, పంతులుగారు సవర కొండలలో తిరిగిన దినములును ఇంచుమించు ఒక్కటే. ఇంత వ్రాసియు మేము ఇప్పటికిని యున్నది, చున్నది అనియే వ్రాయుచున్నాము. పంతులుగారు చూచినచో మమ్మును చీవాట్లు పెట్టుదురు. చేతికి పట్టిన అలవాటు, చదువరులు క్షమింతురు గాక. పీఠము మీద మాత్రము మానుకొంటిమి.

సవర భాషకు ఆయన వ్రాసిన వ్యాకరణమును 1931లో మద్రాసు ప్రభుత్వము అచ్చు వేయించెను. అప్పటికి ఆయనకు అరువది యేడేండ్లు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరెను. అట్లు చేర్చవద్దని పంతులుగారు గట్టిగా పోరాడియుండిరి. ఓడిపోయిరి. పదియేడేండ్ల ప్రాయమున 30 రూపాయల జీతమునకు వచ్చి, ఏబదియైదు సంవత్సరములకు పైగా కాపురమున్న ఆ ఊరిని విడిచి రాజమండ్రికి వెళ్లిపోయిరి. సవర నిఘంటువు పని విడువలేదు. అది 1938లో అచ్చయినది. 1940 జనవరి 22న పంతులుగారు చనిపోయిరి.

కొండమీద మన సవర సహోదరులు ఇప్పుడు వాక్యమును తమ మాటలోనే చదువుకొనుచున్నారు. క్రిందటి పంటల పండుగకు వారు కొందరు మా గుడికి వచ్చి ఒక పాట పాడిరి. మాకు ఒక్క ముక్కయు తెలియలేదు. మా ప్రక్కన కూర్చున్న పెద్దలు, అయ్యగారికి అర్థమైనదాయని మెల్లగా అడిగిరి.