హెర్బర్టు చాప్మన్ గారి చరిత్రము

ఫుట్‌బాలు ఆటయందు ఆసక్తి గల బాలురలో ఆర్సెనల్ జట్టు పేరు విననివారు అరుదు. ఆ జట్టునకు కీర్తి దెచ్చిన హెర్బర్టు చాప్మన్ గారి చరిత్రమును ఇచ్చట సంక్షేపముగా వ్రాయదలచితిమి. ఆయన ఎదిరిజట్టులతోడనే గాక, డబ్బుసంచి ముడి విప్పనొల్లని తన యజమానితో గూడ పెనగవలసి వచ్చెను.

చాప్మన్ గారు 1878వ సంవత్సరము జనవరి 19వ తేదీన ఇంగ్లాండు దేశమున, యార్కుషైరులోని కివెటన్ పార్కు అను గ్రామమున జన్మించిరి. తండ్రి బొగ్గుగనిలో పనివాడు. కుమారుడు గనుల ఇంజనీరింగు చదివి, పెక్కు జట్టులలో ఆడెను గాని ఆటగాడుగా గొప్ప పేరు గడింపలేదు. 1907లో నార్తాంప్టన్ జట్టునకు మేనేజరై, 1909లో దానిని దక్షిణ లీగున ప్రథమస్థానమునకు దెచ్చిరి. పిమ్మట లీడ్సు సిటీ జట్టునకు బోయిరి. యుద్ధకాలమున ఆటగాండ్రకు నియమవిరుద్ధముగా సొమ్మిచ్చిరని 1919లో ఆ జట్టును లీగునుండి వెడలగొట్టిరి. చాప్మన్ గారికిని నిషేధము గలిగెను. ఆ కాలమున తాము మందుగుండు కర్మాగారమున పనిచేయుచుంటిమని వారు చూపగా నిషేధము తొలగెను. 1921లో హడర్స్‌ఫీల్డు జట్టు జేరి, దానికి 1922లో ఎఫ్.ఏ. కప్పును, 1924, 1925లలో వరుసగా లీగు ప్రథమస్థానమును సంపాదించి యిచ్చిరి.

ఆ దినములలో ఆర్సెనల్ జట్టునకు సర్ హెన్రీ నారిస్ గారు అధ్యక్షులు. ఇండ్లు కట్టించి అమ్ముటచే ధనికులైనవారు. 1913లో జట్టును ప్లమ్‌స్టెడ్డునుండి హైబరీకి దెచ్చి, నూతన మైదానమునకై విశేషధనము వెచ్చించినవారును ఆయనయే. కాని ఆటగాండ్రకు వెల యిచ్చుట యనిన ఆయనకు గిట్టదు. పూర్వపు మేనేజరు నైటన్ గారికి, ఒక్కొక్క ఆటగానికి వేయి పౌనులకు మించి యీయరాదని కట్టడి చేసిరి. 1925లో జట్టు 22 జట్టులలో 20వదిగా నిలువగా, నైటన్ గారిని తొలగించి పత్రికలో ప్రకటన వేయించిరి. అధికమూల్యములతోనే జట్టు కట్టగోరువారు దరఖాస్తు పంపనక్కరలేదని అందుండెను. అట్టి యుద్యోగము, మంచి ఆటగానికై వెనుదీయక వెచ్చించు చాప్మన్ గారికే లభించుట చిత్రము.

చాప్మన్ గారు మొదటనే సండర్లాండు జట్టులోని చార్లెసు బుకన్ గారిని గోరిరి. సండర్లాండువారు 4,000 పౌనులడిగిరి. బుకన్ గారికి అప్పటికే 33 ఏండ్లు. అంత వెల దండుగ యని నారిస్ గారు తలచిరి కాబోలు. తుదకు 2,000 పౌనులు రొక్కముగాను, మొదటి యేట చేయు ప్రతి గోలునకు 100 పౌనుల చొప్పునను ఇచ్చుటకు ఒడంబడిక జరిగెను. బుకన్ గారు ఆ యేడు 21 గోలులు చేసిరి! మొత్తము 4,100 పౌనులయ్యెను. బేరమాడి తగ్గింపబోయి, అడిగిన వెలకంటె నూరు పౌనులు ఎక్కువ చెల్లింపవలసి వచ్చెను.

ఆ సంవత్సరముననే ఆఫ్‌సైడు నియమము మారెను. అక్టోబరు 3వ తేదీన న్యూకాసిలువారు ఆర్సెనలును 7 గోలులతో, ఒక్కటియు ఈయక, ఓడించిరి. నడిమి ఆటగానిని వెనుకకు దెచ్చి ఇరువురు బ్యాకుల నడుమ నిలుపవలెనని బుకన్ గారు వాదించిరి. చాప్మన్ గారు తమ క్రింది ఆటగాని మాటయని తృణీకరింపక దానిని స్వీకరించిరి. జట్టు 1926లో లీగున రెండవస్థానమునకు వచ్చెను.

1927లో నారిస్ గారి లెక్కలపై ఫుట్‌బాలు సంఘమువారు విచారణ జరిపిరి. క్లబ్బు సొమ్ము స్వంతమునకు వాడుకొనిరనియు, జట్టు బస్సు నమ్మగా వచ్చిన 125 పౌనులు ఆయన భార్య ఖాతాకు జేరెననియు తేలి, ఆయన నిషేధింపబడిరి. 1929లో కోర్టునను ఓడిరి.

అటుపై చాప్మన్ గారి చేతులకు కట్టు వీడెను. 1928లో డేవిడ్ జాక్ గారికై 10,890 పౌనులిచ్చిరి; పదివేలు దాటిన వెల అదియే మొదటిది. 1929లో అలెక్సు జేమ్సు గారికి 8,750 పౌనులు. అయినను ఆయన దుబారా చేయువారు కారు. ఆ యేడే ఎక్సిటరునుండి 17 ఏండ్ల బాస్టిన్ అను బాలుని 2,000 పౌనులకే దెచ్చి మేటిగా తీర్చిరి. 1930లో తమ పూర్వపు జట్టగు హడర్స్‌ఫీల్డునే ఓడించి ఆర్సెనలుకు మొదటి ఎఫ్.ఏ. కప్పు గెలిపించిరి, 1931, 1933లలో లీగు గెలిచిరి. 1932లో సమీపపు రైలుస్టేషనునకు ఆర్సెనల్ అని పేరు పెట్టించిరి.

1934 జనవరిలో పడిశము పట్టినను విశ్రమింపక, మూడవ తరగతి జట్టు ఆటను గూడ చూడబోయి, న్యుమోనియా సోకి 6వ తేదీన చనిపోయిరి. అప్పటికి ఆయనకు 55 ఏండ్లు. ఆ జూలైలోనే నారిస్ గారును గతించిరి. చాప్మన్ గారు కూర్చిన జట్టు 1934, 1935లలోను లీగు గెలిచెను.

నారిస్ గారు లేనిచో హైబరీ మైదానము లేదు. కావున ఆయన మేలు మరువరాదు. పొదుపు మంచిదే. కాని వస్తువు విలువ నెరిగి చేయునది పొదుపు, వెల మాత్రమే చూచి చేయునది పిసినారితనము. ఇంటి ఖర్చు నడపు తల్లిదండ్రులును, కాలమును ఖర్చు పెట్టు విద్యార్థులును ఈ భేదమును గుర్తింతురుగాక యని మా కోరిక.