చక్కెర తీసేస్తే మిగిలింది

ఆస్వాల్డ్ ఏవరీ పేరు బైపీసీ పుస్తకంలో డీఎన్‌ఏ దగ్గర ఒకసారి వచ్చి పోతుంది. కానీ ఆయన ఎక్కువ కాలం వెంటపడింది ఒక చక్కెర కోసం.

1877లో కెనడాలోని హాలిఫాక్స్‌లో పుట్టాడు. తండ్రి పాస్టర్. పదేళ్ళప్పుడు కుటుంబం న్యూయార్క్ వచ్చేసింది. డాక్టరయ్యాడు, పెళ్ళి చేసుకోలేదు. 1913లో రాక్‌ఫెల్లర్ ఆసుపత్రిలో చేరి, న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియా మీద పడ్డాడు.

ఆ బ్యాక్టీరియా పెరిగిన ద్రవంలో, రోగుల మూత్రంలో కూడా కరిగి ఉండే ఒక పదార్థాన్ని 1917లో డోషే అనే డాక్టరుతో కలిసి కనిపెట్టాడు. అదేంటో తేలాలంటే ముందు శుభ్రం చేయాలి. కెమిస్ట్ మైకేల్ హైడెల్‌బర్గర్‌ని ఒప్పించి పనిలోకి దింపాడు. లీటర్ల కొద్దీ కల్చర్‌లో ఆల్కహాల్ పోసి పదార్థాన్ని కిందికి దింపడం, మళ్ళీ నీళ్ళలో కరిగించడం, ప్రోటీన్ తీసేయడం, మళ్ళీ మొదటికి. 1923లో తేలింది: అది బ్యాక్టీరియా పైపొరలోని పాలీశాకరైడ్, అంటే పెద్ద చక్కెర. చాలామంది నమ్మలేదు. రోగనిరోధక శక్తి గుర్తుపట్టేది ప్రోటీన్‌నే అని అప్పటి లెక్క. ఎక్కడో కాస్త ప్రోటీన్ మిగిలిపోయి ఉంటుందిలే అన్నారు.

తర్వాత కథ తిరగబడింది. ఒక రకం న్యుమోకాకస్‌ని ఇంకో రకంగా మార్చే పదార్థం ఏదో వెతకడానికి, ఈసారి చక్కెరే చెత్త అయింది. క్రాన్‌బెర్రీ తోట బురదలో దొరికిన బ్యాక్టీరియా ఎంజైమ్‌తో దాన్ని కరిగించేశారు. ప్రోటీన్‌నీ తీసేశారు. 75 లీటర్ల కల్చర్‌కి చివర్లో మిగిలింది 10 నుంచి 25 మిల్లీగ్రాముల దారాల్లాంటి డీఎన్‌ఏ! 1944లో మక్లియాడ్, మెకార్టీలతో కలిసి ప్రకటించాడు. మళ్ళీ అదే పాట: ప్రోటీన్ మిగిలి ఉంటుంది. గట్టిగా అన్నవాళ్ళలో అదే సంస్థలో పనిచేసే మిర్‌స్కీ ఒకడు. నోబెల్ రాలేదు. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది.

చక్కెర మాత్రం ఊరుకోలేదు. మక్లియాడ్, హైడెల్‌బర్గర్ బృందం నాలుగు రకాల శుద్ధి చేసిన చక్కెరలతో అమెరికా సైనికులకి టీకా వేసి, ఆ రకాల న్యుమోనియాని అడ్డుకోవచ్చని 1945లో చూపించింది. ఇంతలో పెన్సిలిన్ వచ్చేసరికి టీకాని ఎవరూ పట్టించుకోలేదు.

ఏవరీ 1955లో నాష్‌విల్‌లో చనిపోయాడు. 1977లో అమెరికా 14 రకాల చక్కెరల టీకాకి లైసెన్స్ ఇచ్చింది. ఇలాంటి టీకాల తయారీలో చక్కెరని ఉంచుకుని, ప్రోటీన్‌తో పాటు డీఎన్‌ఏని కూడా మలినంగా తీసేస్తారు.