ఫాస్ఫరస్ లెక్క తేల్చిన సుబ్బారావు

నడుము వంగక, కీళ్లు బిగుసుకుపోయి మా ఓపీకి వచ్చేవారు కర్నూలు, కడప పల్లెల్లో తక్కువేం కాదు. కొందరి విషయంలో తాగే బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌నీ అనుమానించాల్సి వస్తుంది. అలాంటివారికి రాసే రక్తపరీక్షల్లో కాల్షియం పక్కనే ఫాస్ఫరస్ ఉంటుంది. రిపోర్టులో అది ఒక్క అంకె. దాన్ని తేలిగ్గా కొలిచే దారి చూపినవాళ్లలో ఒకరు మన తెలుగువాడే.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. సోదరులిద్దరూ కొద్దిరోజుల తేడాతో స్ప్రూ జబ్బుకు బలయ్యారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్ ఆగ్రహించారనీ, అందుకే పూర్తి డిగ్రీ బదులు ఎల్ఎంఎస్ దక్కిందనీ చెబుతారు. తర్వాత భార్యను ఇంటి దగ్గరే వదిలి బోస్టన్ చేరారు. చేతిలో డబ్బు లేదు. ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేస్తూ చదువుకున్నారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రచురించిన పద్ధతి చూడ్డానికి చిన్నదే. రక్తంలోని ఫాస్ఫేట్‌ను ఆమ్లంలో మాలిబ్డేట్‌తో కలిపి, మరో రసాయనంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట. ఈ కొలతే ఆసరాగా కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు.

మన ఒంట్లోని ఫాస్ఫరస్‌లో దాదాపు 85 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. ఎముక ముక్క ఊడిపోయిన చోట పెట్టేందుకు పరిశోధకులు తయారుచేస్తున్న సిరామిక్ చట్రాలు కూడా ఎక్కువగా కాల్షియం ఫాస్ఫేటే. హైడ్రాక్సీఅపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ లాంటివి. స్పాంజిలా సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలోకి కణాలు, రక్తనాళాలు దూరి కొత్త ఎముకను పేరుస్తాయి. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ మెల్లగా కరుగుతుంది, హైడ్రాక్సీఅపటైట్ ఏళ్ల తరబడి నిలుస్తుంది. చట్రం ఎంత కరిగిందో తెలియాలంటే ద్రవంలో ఫాస్ఫేట్ కొలవాల్సిందే. అక్కడ మాలిబ్డేట్ నీలిరంగు ఇంకా పనికొస్తోంది. అంతమాత్రాన ఈ చట్రాలు సుబ్బారావు ఆలోచన అని కాదు. ఆయన ఎముకల మీద పనిచేయనేలేదు.

హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కక 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలుకు వాడే డీఈసీ, ఆరియోమైసిన్ అక్కడ ఆయన నాయకత్వంలో వచ్చినవే. 1948 ఆగస్టులో, 53వ ఏట, అమెరికాలోనే కన్నుమూశారు. భార్య శేషగిరిని మళ్లీ చూడలేదు.