అనభేరి ప్రభాకరరావు

అనభేరి ప్రభాకరరావు (1910 - 1948 మార్చి 14) తెలంగాణ సాయుధ పోరాట యోధుడు. కరీంనగర్ జిల్లాలో నిజాం ప్రభుత్వానికి, దొరల పెత్తనానికి వ్యతిరేకంగా దళాన్ని నడిపి, హుస్నాబాద్ సమీపంలోని మహ్మదాపూర్ గుట్టల వద్ద పోలీసులతో జరిగిన పోరులో సహచరులతో పాటు మరణించాడు. తాను స్వయంగా దేశ్‌ముఖ్ కుటుంబంలో పుట్టి, ఆ వ్యవస్థ మీదనే తిరగబడినవాడు కావడం ఇతని జీవితంలోని ప్రధాన విశేషం.

పుట్టుక, నేపథ్యం

ప్రభాకరరావు స్వగ్రామం ప్రస్తుత కరీంనగర్ జిల్లా తిమ్మాపూర్ మండలంలోని పోలంపల్లి. 1905కు పూర్వం ఎలగందుల జిల్లాగా పిలువబడిన ఈ ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండేది. దేశ్‌ముఖ్ కుటుంబం అంటే ఏమిటో ఈనాటి విద్యార్థులకు కొంత చెప్పవలసి ఉంది. సాలార్‌జంగ్ సంస్కరణలకు ముందు దేశ్‌ముఖులు సర్కారు తరఫున శిస్తు వసూలు చేసేవారు. 19వ శతాబ్దపు ఆ సంస్కరణలలో వసూలు బాధ్యత ప్రభుత్వం తీసుకున్నా, దేశ్‌ముఖులకు రుసుం పేరిట నగదు ముట్టింది, భూములు చేతిలోనే మిగిలాయి. సర్వే జరిగినప్పుడు సాగుచేసుకొంటున్న రైతులకు తెలియకుండానే మంచి భూములు వీరి పేర ఎక్కిన ఊళ్ళు అనేకం. గడీలో కూర్చున్న దొర నోటిమాటే ఊరికి చట్టం. వృత్తులవారు, కూలీలు వంతుల వారీగా వెట్టి చేయవలసి వచ్చేది. ఇటువంటి ఇంటిలో పుట్టినవాడికి లోటు లేదు, తిరగబడవలసిన అక్కర అంతకంటే లేదు.

ఆంధ్ర మహాసభ నుండి అజ్ఞాతంలోకి

నిజాం రాజ్యంలో తెలుగువారి భాషా సాంస్కృతిక సంస్థగా 1930లో జోగిపేటలో తొలి సమావేశం జరుపుకున్న ఆంధ్ర మహాసభ, 1935లో కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్లలో నాలుగవ సమావేశం జరిపింది. మొదట్లో తెలుగు బడులు, గ్రంథాలయాల గురించి విన్నపాలు చేసుకొన్న ఈ సంస్థ క్రమంగా వెట్టి, పన్నులు, కౌలు వంటి ప్రశ్నలవైపు మళ్ళింది. 1944లో భువనగిరి సమావేశం నాటికి మితవాదులు విడిపోగా, రావి నారాయణరెడ్డి అధ్యక్షతన అది రైతుల సంస్థగా మారింది. పల్లెజనం దానిని సంగం అని పిలిచారు.

కరీంనగర్ జిల్లాలో ఈ ఉద్యమానికి ముఖ్య నాయకుడు గాలిపల్లికి చెందిన బద్దం ఎల్లారెడ్డి. ప్రభాకరరావు ఆంధ్ర మహాసభలోను, ఆపై కమ్యూనిస్టు ఉద్యమంలోను పనిచేశాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలి కావడంతో ఉద్యమం కొత్త మలుపు తిరిగింది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. అప్పటికి భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి నెల కూడా నిండలేదు. హైదరాబాదు మాత్రం విలీనానికి ఒప్పుకోలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ఊళ్ళమీద పడుతున్నారు. ఒకే ఊరివారు, కొన్నిచోట్ల ఒకే కుటుంబంవారు చెరొక పక్షాన నిలిచిన ఆ ఏడాది తెలంగాణలో నడిచింది అంతర్యుద్ధమే అనడం అతిశయోక్తి కాదు.

సాధారణంగా సాయుధ పోరాటం అనగానే నల్లగొండ, వరంగల్ జిల్లాలే గుర్తుకు వస్తాయి. కరీంనగర్‌లో పోరాటం అంత విస్తృతం కాలేదు, దళాలు తక్కువ. ఇక్కడ, పక్కనున్న ఆదిలాబాదు జిల్లాలోను స్టేట్ కాంగ్రెసు పక్షాన పోరాడినవారికి సరిహద్దు దాటితే చాందా (చంద్రపూర్) శిబిరం ఉండేది. వంగరకు చెందిన పి.వి. నరసింహారావు 1947-48లో పనిచేసినది ఆ శిబిరంలోనే. చాందాలో ఉన్నవారు నిజాం పోలీసులకు అందేవారు కారు. రాజ్యం లోపలనే, తమను ఎరిగిన ఊళ్ళ నడుమనే తిరిగే ప్రభాకరరావు వంటివారికి ఆ వెసులుబాటు లేదు.

దళ జీవితం

దళానికి స్థిరమైన విడిది ఉండదు. పగలు గుట్టల్లో, చెలకల్లో తలదాచుకొని రాత్రివేళ ఊళ్ళోకి రావడం, తెల్లవారేలోగా మరో చోటికి మారడం ఆనాటి పద్ధతి. ఆయుధాలు కూడా అంతంత మాత్రమే: భర్మార్లు, గడీల నుండి స్వాధీనం చేసుకొన్న తుపాకులు, వడిసెలలు. ఎదుటివారి చేతుల్లో రైఫిళ్ళు ఉండేవి.

అన్నిటికన్నా కష్టం ఇంటితో తెగిపోవడం. యుద్ధానికి పోయిన సైనికుడు శిబిరం నుండి ఇంటికి ఉత్తరం వ్రాసుకొంటాడు. దళసభ్యుడికి ఆ వీలు లేదు. హైదరాబాదు రాజ్యానికి సొంత తపాలా శాఖ, సొంత స్టాంపులు ఉండేవి; 1950లో గాని అది భారత తపాలాలో కలవలేదు. ఏ ప్రభుత్వం తనకోసం వెతుకుతున్నదో ఆ ప్రభుత్వపు డబ్బాలోనే ఉత్తరం వేయడమంటే ఇంటివారిని పట్టి ఇచ్చినట్లే. అందుచేత కబురు మనిషి చేతనే పోయేది. గొర్రెల కాపరులు, చాకలివారు, కట్టెలకు పోయే ఆడవారు అనుమానం రాకుండా తిరగగలరు గనుక కొరియర్ల పని ఎక్కువగా వారిదే. చిన్న చీటీ అయితే చదివి కాల్చివేయడం, లేకుంటే నోటిమాటగా చెప్పడం. అజ్ఞాత యోధుల ఉత్తరాలు అరుదుగా మిగలడానికి కారణం ఇదే.

దస్తావేజుల దహనం

ప్రభాకరరావు దళం చేసిన పనులలో ప్రధానమైనది పటేలు పట్వారీల లెక్కలను తగులబెట్టడం. మాలీ పటేలు శిస్తు వసూలు చేసేవాడు, పోలీసు పటేలు శాంతిభద్రతలు చూసేవాడు, పట్వారీ భూమి లెక్కలు వ్రాసేవాడు. చదువురాని రైతుకు తన భూమి తనదో కాదో చెప్పవలసినది పట్వారీ పుస్తకమే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వచ్చిన లెవీ ధాన్యం వసూళ్ళలో కూడా ఈ లెక్కలే ఆధారం. వీటికి తోడు నాగు కింద తెచ్చుకొన్న వడ్లకు, నగదు అప్పులకు దొరలు, షావుకార్లు వ్రాయించుకొన్న పత్రాలు.

ఈ దహనాల వలన ఫలితమేమిటని అడగవచ్చు. భూమి లెక్కలకు తాలూకా కచేరీలో వేరే ప్రతులు ఉండేవి, కాబట్టి ఊరి దస్త్రం కాలినంత మాత్రాన హక్కులు మారలేదు. కాని అప్పుపత్రం అలా కాదు. షావుకారి పెట్టెలో ఉన్నది ఒక్కటే ప్రతి. అది కాలితే వసూలుకు ఆధారం పోయినట్లే. తరతరాల వెట్టికి మూలమైన కాగితం కళ్ళెదుట బూడిద కావడం చూసిన రైతుకు కలిగిన ధైర్యం మరొక ఫలితం. దేశ్‌ముఖుల అధికారం ఏ కాగితాల మీద నిలబడి ఉందో వారి ఇంట పుట్టిన ప్రభాకరరావుకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

మహ్మదాపూర్ పోరు

1948 మార్చిలో దళం హుస్నాబాద్ పరిసర గ్రామాలలో దస్తావేజులు తగులబెట్టి మహ్మదాపూర్ గుట్టలకు చేరింది. మార్చి 14న నిజాం పోలీసులు చుట్టుముట్టారు. ఆ ప్రాంతపు అడవి ఆకురాల్చే అడవి. మార్చి నెలలో మోదుగు పూలు తప్ప చెట్లకు ఆకు ఉండదు, రాళ్ళే చాటు. జరిగిన కాల్పులలో ప్రభాకరరావు, ఇతని సహచరుడు సింగిరెడ్డి భూపతిరెడ్డి, మరి పదిమంది మరణించారు. ఒకే రోజు 12 మందిని కోల్పోవడం కరీంనగర్ జిల్లా ఉద్యమానికి పెద్ద దెబ్బ. అప్పటికి ప్రభాకరరావుకు నలభై ఏళ్ళు నిండలేదు.

అనంతరం

సరిగ్గా ఆరు నెలలకు, సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. సాయుధ పోరాటం మాత్రం 1951 అక్టోబరు వరకు కొనసాగింది. మొత్తం పోరాటంలో సుమారు 4,000 మంది మరణించినట్లు కమ్యూనిస్టు పార్టీ లెక్క. 1952 ఎన్నికలలో బద్దం ఎల్లారెడ్డి పి.డి.ఎఫ్. తరఫున కరీంనగర్ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. పటేలు పట్వారీ వ్యవస్థ రద్దు కావడానికి 1984 వరకు పట్టింది.

హుస్నాబాద్‌లో అనభేరి, సింగిరెడ్డి పేర్లతో అమరుల భవనం ఉంది. మార్చి 14న వర్ధంతి జరుపుతారు. 2016లో జిల్లాల పునర్విభజనలో హుస్నాబాద్ ప్రాంతం సిద్దిపేట జిల్లాలో చేరగా, పోలంపల్లి కరీంనగర్ జిల్లాలోనే ఉండిపోయింది.